చుట్టు పడిన కాలు

గుర్తులక్క బతికున్న మనిషికి చుట్టు వేసిందట. ఆమెకూ రోలరు మిషన్ బాబాయికీ దుప్పట్ల దగ్గర మాటా మాటా పెరిగిందట. ఆ కసితో, ఆయన కునుకు తీస్తున్నప్పుడు చప్పుడు చెయ్యకుండా వచ్చి, కాలికి నల్ల ఇంకుతో చుట్టూ గీత గీసి, పక్కన అంకె వేసి పోయిందట. పూట తిరక్కుండా ఆ కాలు మొద్దులా వాచిందట. ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారట.

ఈ మాట పుట్టింది లాండ్రీ కౌంటర్లో. అక్కడ రశీదులు రాసే ఆవిడని అందరూ రశీదుల అత్త అంటారు. బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ రశీదుతో పాటు ఈ కథ కూడా చింపి చేతిలో పెట్టింది. "నా ఈ రెండు కళ్లతో చూశానండీ" అని ఒట్టు పెట్టింది కూడా. కళ్లతో చూసింది నిజమే. కౌంటరు వెనక తలుపు సందులోంచి ఒక తోపుడు బండి, దాని మీద ఒక కాలు, ఆ కాలి మీద ఒక గీత చూసింది. మిగిలినదంతా ఆమె నోరు చూసింది.

చుట్టు అంటే ఏమిటో తెలిస్తేనే ఆ మాటకు అన్ని కాళ్లెందుకు వచ్చాయో అర్థమవుతుంది. ఆ లాండ్రీలోకి వచ్చే ప్రతి గుడ్డకీ అంచు మీద చిన్న గుర్తు పడుతుంది: ఒక అక్షరం, రెండు అంకెలు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఇంకు అది. గుర్తు ఉన్న గుడ్డ సొంతదారుడి దగ్గరికి తిరిగి వెళ్తుంది. కుట్టడానికి కూడా పనికిరాకుండా చిరిగిపోయిన దుప్పటో తువ్వాలో దొరికితే మాత్రం ఆ చిరుగు చుట్టూ గీత గీస్తారు. దాన్ని చుట్టు అంటారు. చుట్టు పడిన గుడ్డకి ఇక సొంతదారుడు లేడు. ముక్కలు చేసి నేల తుడుచుకుంటారు. అలాంటి చోట మనిషి కాలికి చుట్టు పడిందంటే వినేవాళ్లు ఏమనుకుంటారు?

ఆ గుర్తులు వేసేది గుర్తులక్క. ముప్ఫై ఏడేళ్ల మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, కిటికీ పక్కన అదే ఎత్తు పీట. బల్ల మీద ఇంకు సీసా, మొన అరిగిన కలం, తడి గుడ్డ. మాట తక్కువ. అంతమంది ఆడవాళ్లు పనిచేసే చోట మాట తక్కువ మనిషంటే గుట్టు ఉన్న మనిషని లెక్క. కానీ ఆమె కన్ను మాత్రం ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. చొక్కా చూసి అది వేసుకునే మనిషి ఏ చేత్తో రాస్తాడో చెప్తుంది. మరక చూసి అది నిన్నటిదో మొన్నటిదో చెప్తుంది. ఎండిపోయిన మరకకీ ఇంకా పాకుతున్న మరకకీ అంచు వేరుగా ఉంటుందని కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది ఆమే.

రోలరు మిషన్ ఆమె బల్లకి ఎదురుగా ఉంటుంది. రెండు వేడి ఇనుప రోలర్ల మధ్యకి తడి దుప్పటి అందిస్తే అవతల పొడిగా, మడత లేకుండా వస్తుంది. కుడికాలితో పెడల్ తొక్కుతూ ఉండాలి. తొక్కేది బాబాయ్. యాభై ఎనిమిదేళ్లు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. నోరు ఊరుకోదు. గుర్తులక్కకు రోజూ వినపడే మొదటి మాట ఆయనదే.

"ఏం తల్లీ, ఇవాళైనా మాట్లాడతావా, లేక నోటికి కూడా గుర్తు వేసి దాచేశావా?"

"నీ నోటికి చుట్టు వేస్తాను బాబాయ్, ఊరుకో."

వాళ్లిద్దరి మధ్య ఇరవై రెండేళ్లుగా జరిగిన గొడవంతా ఇంతే. పుకారు చెప్పిన "మాటా మాటా" ఇదే.

ఆ సోమవారం పొద్దున ఆయన ఏమీ అనలేదు. గుర్తులక్క తలెత్తి చూసింది. మిషన్ దగ్గర ఆవిరికి అందరికీ చెమటలు కారుతుంటే బాబాయ్ ఒక్కడే మెడకి తువ్వాలు చుట్టుకుని వణుకుతున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"చలా బాబాయ్? ఇక్కడా?"

"ముసలాడికి పెళ్లి కళ వచ్చిందిలే. రాత్రి నుంచీ ఇంతే. మాత్ర వేసుకున్నా."

పెడల్ మీద కాలు సరిగ్గా ఆనడం లేదు. తొక్కినప్పుడల్లా మొహం చిట్లిస్తున్నాడు. ఆమె లేచి వెళ్లి, "పంట్లాం కొంచెం పైకి లాగు" అంది. ఆయన సిగ్గుపడ్డాడు. ఆమె సిగ్గుపడలేదు.

కుడి పిక్క మీద అరచేయంత ఎరుపు. చర్మం బిగిసి నిగనిగలాడుతోంది. అక్కడక్కడ నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలు. రెండో కాలు మామూలుగానే ఉంది. ఆమె చేతి వెనకభాగం దగ్గరగా పెట్టింది, ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో చూసుకున్నట్టు. తగలకముందే సెగ తెలిసింది.

ఈలోపు నలుగురూ చేరారు. తలా ఒక మాట. రోలరు ఆవిరి కొట్టి ఉంటుందని ఒకరు. పురుగు కుట్టిందని ఒకరు. రోజంతా నిలబడితే కాళ్లు వాచక ఏం చేస్తాయని ఇంకొకరు.

"నిలబడితే రెండూ వాచాలి కదా" అంది గుర్తులక్క. "ఆవిరి కొడితే బొబ్బ లేవాలి. పురుగు కుడితే దురద పుట్టాలి. దురదగా ఉందా బాబాయ్?"

"దురద కాదమ్మా. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. గజ్జల్లో బిళ్ల కూడా కట్టింది."

ఆమె వంగి ఆయన కాలి వేళ్లు విడదీసి చూసింది. చిటికెనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మం నానిపోయి, తెల్లగా ఒరిసి, లోపల ఎర్రగా చీలి ఉంది. ఎందుకు ఉండదు? మిషన్ల కింద నేల ఎప్పుడు చూసినా సబ్బునీళ్లే. కాలువ మూసుకుపోయి ఎనిమిది నెలలైంది. కాలువ బాగు చేయించండి సార్ అని అడిగిన ప్రతిసారీ సూపర్‌వైజర్ చెప్పే జవాబు ఒకటే: "తడి పనిలో నేల తడిగా ఉండదా?" ఆయన మాత్రం బూట్లు వేసుకుని గడప అవతలే నిలబడి చెప్తాడు.

ఆ ఎరుపు చూస్తుంటే గుర్తులక్కకి తన పదిహేనో ఏడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం తప్పు. అది ఆమెని ఎప్పుడూ వదిలితే కదా.

వాళ్ల నాన్న కూడా బట్టలు ఉతికే మనిషే. తుప్పు పట్టిన తొట్టి అంచు ముంగాలికి గీసుకుంది. మూడో రోజుకి కాలు ఇలాగే ఎర్రబడింది, ఇలాగే చలిజ్వరం వచ్చింది. ఆసుపత్రిలో సాయంత్రం ఉన్న పెద్ద డాక్టరు చూసి, బాల్‌పెన్ను తీసి ఎరుపు అంచు వెంబడి గీత గీశాడు. మాత్రలిచ్చి, రేపు పొద్దున రమ్మని చీటీ రాశాడు. గీత ఎందుకో చెప్పలేదు. వీళ్లు అడగలేదు. డాక్టర్ని ఎందుకని అడిగే ధైర్యం వాళ్లకెక్కడిది?

పొద్దున బయలుదేరేముందు అమ్మ, "ఊరందరి మరకలూ పోగొట్టే ఇంట్లోంచి కాలి మీద సిరా మరకతో వెళ్తారా?" అంది. పదిహేనేళ్ల పిల్ల సబ్బు తీసుకుని, నాన్న నొప్పికి పళ్లు బిగపట్టుకుంటుంటే, మెత్తటి గుడ్డతో ఒక్క చుక్క మిగలకుండా ఆ గీత కడిగేసింది. ఎంత శుభ్రంగా పోయిందో అమ్మకి చూపించి మురిసిపోయింది.

ఆసుపత్రిలో ఆ పొద్దున వేరే డాక్టరు. చీటీ చదివి, "గీత ఏదీ?" అన్నాడు.

"కడిగేశామండీ."

ఆయన నవ్వాడు. "మరి పెరిగిందో తగ్గిందో నేనెలా చెప్పను? నాకైతే పెద్దగా ఏం లేనట్టే ఉంది. అవే మాత్రలు వాడండి. మూడు రోజులాగి రండి."

మూడో రోజుకి కాలు చిట్లి చీము కారింది. కడిగారు, కట్టు కట్టారు. పైన చర్మం మూసుకుంది. తగ్గిందని ఇంటికి పంపారు. నెల తిరక్కుండా అదే చోట చిన్న కన్నం పడి మళ్లీ చీము. మళ్లీ మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. పైపైన మానే పుండు లోపల మానలేదని ఎనిమిది నెలలు ఎవరూ అనుకోలేదు. ఒకరోజు కట్టు విప్పుతుంటే గుడ్డతో పాటు గోరంత ఎముక ముక్క ఊడి వచ్చింది. అప్పటికి ఎముక లోపలంతా కుళ్లిపోయింది. మోకాలి కింద తీసేశారు. గుర్తులక్క బడి మానేసి ఈ ఎత్తు పీట ఎక్కింది అప్పుడే.

"పోకుండా గీస్తాను" అంది ఇప్పుడు, బల్ల దగ్గరికి వెళ్తూ.

"ఏంటమ్మా గీసేది?" అన్నాడు బాబాయ్. ఆమె ఇంకు సీసా తెచ్చేసరికి అర్థమై నవ్వాడు. "నన్ను నేల తుడుపుకి పంపిస్తున్నావన్నమాట."

"కదలకు. అంచు పాకుతోందో ఆగిందో కంటికి తెలియదు. గీత ఉంటే తెలుస్తుంది. వద్దంటే మానేస్తాను."

"వెయ్యి తల్లీ. ఇరవై రెండేళ్లు నువ్వు వేసిన గుర్తు ఒక్కటీ తప్పిపోలేదు. నేనూ తప్పిపోను." ఆయనే కాలు చాచి తిరగేసిన బకెట్ మీద పెట్టాడు.

ఎరుపు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, చుట్టూరా గీసింది. గోడ గడియారం చూసి పక్కన 9-10 అని వేసింది. పుకారులో చెప్పుకునే అంకె అదే.

సూపర్‌వైజర్ గడప దగ్గరికొచ్చాడు. "ఏంటిక్కడ గుంపు? ఇదేం తమాషా అమ్మా? ఇంకు గుడ్డలకిచ్చారా, మనుషులకా?"

"సార్, బాబాయ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"నాలుగింటికి హోటల్ దుప్పట్లు వెళ్లాలి. ఆయన పోతే నువ్వు తొక్కుతావా పెడల్? సాయంత్రం వెళ్తాడులే. కాలు వాస్తే కొంప మునుగుతుందా?"

బాబాయే, "కానివ్వండి సార్, తొక్కుతాను" అన్నాడు. అలాంటి మనుషులుంటారు. తమ కాలు పోతున్నా దుప్పట్లు ఆలస్యమవుతాయని బాధపడతారు. అలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే గడప అవతల నిలబడి మాట్లాడేవాళ్లు అంత ధీమాగా ఉంటారు.

ఆ పొద్దున గుర్తులక్క గుర్తులు వేస్తూనే ఉంది గానీ కన్ను బల్ల మీద లేదు. పదిన్నరకి వెళ్లి చూసింది. ఎరుపు గీతకి తగులుతోంది. పన్నెండుకి చూసింది. గీత దాటి వేలెడు పైకి వచ్చింది. కొత్త అంచు మీద చుక్కలు పెట్టి 12 అని వేసింది. బాబాయ్ కళ్లు మత్తుగా ఉన్నాయి. జోకు వేయబోయి సగంలో మర్చిపోయాడు.

అది చూసి ఆమెకి భయం వెయ్యలేదు. ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ గదిలో ఆమె గొంతు బాయిలరు చప్పుడు కన్నా పైకి వినపడింది.

"మిషన్ ఆపండి!"

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ఈసారి గడప దాటాడు, బూట్లు నీళ్లలో పెట్టాడు. "ఎవరు ఆపమన్నది?"

"నేను. ఇది తొమ్మిది పదికి ఎక్కడుందో చూడండి. ఇప్పుడెక్కడుందో చూడండి. నా మాట నమ్మొద్దు, గీత చూడండి సార్. మూడు గంటల్లో ఇంత. నాలుగింటికి ఎక్కడుంటుందో మీరు చెప్పండి."

ఆయన చూడలేదు. చూస్తే ఒప్పుకోవాలి. "బయటికి వెళ్తే రేపట్నుంచి నీకు బల్ల లేదు" అన్నాడు.

"ఉంచుకోండి."

తడి దుప్పట్ల తోపుడు బండి ఖాళీ చేసి, ఇద్దరు ఆడవాళ్లు సాయం పట్టగా బాబాయ్‌ని దాని మీద కూర్చోబెట్టి, కాలు చాపించి, వెనక తలుపులోంచి నెట్టుకుంటూ వెళ్లింది. రశీదుల అత్త తన రెండు కళ్లతో చూసింది అప్పుడే.

ఆసుపత్రిలో వరస. గంటన్నర. బల్ల వెనక చిన్న వయసు డాక్టరమ్మ, తిండి తినడానికి కూడా తీరిక లేని మొహం. కాలి వైపు ఒక చూపు చూసి, "కాళ్లవాపు. మాత్రలు రాస్తాను, రెండు రోజుల తర్వాత చూపించండి" అని చీటీ అందుకుంది.

అదే మాట. ఇరవై రెండేళ్ల తర్వాత, వేరే నోట.

"అమ్మా, కలం కింద పెట్టండి" అంది గుర్తులక్క. "ఒక్కసారి ఇటు చూడండి. పొద్దున తొమ్మిది పదికి ఇది. పన్నెండుకి ఈ చుక్కలు. ఇప్పుడు రెండున్నర కావొస్తోంది. చుక్కల్ని కూడా దాటింది. ముందు చలిజ్వరం, తర్వాత ఎరుపు. ఒక్క కాలే. గజ్జల్లో బిళ్ల. వేళ్ల సందున పగిలింది. ఒంట్లో చక్కెర జబ్బుందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు. ఇవన్నీ రాసుకుని అప్పుడు పంపించండి రెండు రోజులు!"

డాక్టరమ్మ కోపంగా తలెత్తింది. తర్వాత గీత చూసింది. తన చేతి గడియారం చూసింది. లేచి వచ్చి బండి పక్కన వంగింది. గీతకీ ఎరుపుకీ మధ్య రెండు వేళ్లు పెట్టి కొలిచింది. ఎర్రగా ఉన్న చోటే కాకుండా, మామూలుగా కనిపిస్తున్న చోట కూడా నొక్కి నొప్పి అడిగింది. ఆ తర్వాత అంతా తొందరే. రక్తం తీశారు, నరంలోకి మందు ఎక్కించారు, కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టారు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే."

"మంచి పని చేశారు. దీన్ని కడగొద్దని చెప్పండి."

ఆ ఒక్క మాట విన్నాక గుర్తులక్క ఆగలేదు. "ఇది కడిగినా పోదమ్మా. పోయే గీత మా నాన్నకి గీశారు. కడగొద్దని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. నేనే కడిగాను. ఆ మాట చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? మీరే అన్నారు కదా ఇప్పుడు, ఎంతసేపు పట్టింది?"

పక్కనున్న నర్సు గోడకి తగిలించిన పలక మీద చాక్‌పీసుతో పెద్ద అక్షరాలతో రాసింది: గీత కడగవద్దు.

బాబాయ్ పద్దెనిమిది రోజులు ఉన్నాడు. రెండో రోజు లోపల చీము పట్టిన చోట కోసి తీశారు. చక్కెర జబ్బు కూడా బయటపడింది. ఎముక దాకా వెళ్లిందేమోనని ఫొటో తీశారు. వెళ్లలేదు. నాలుగో రోజుకి ఎరుపు గీత లోపలికి తిరిగి వచ్చింది.

లాండ్రీలో మాత్రం రెండో రోజుకే కాలు తీసేశారు. ఐదో రోజుకి మనిషికే చుట్టు పడేలా మాట్లాడుకున్నారు. సూపర్‌వైజర్ ఇంకు సీసా లాక్కుని గుర్తులక్కని తడి నేల మీద గుడ్డలు పిండే పనికి వేశాడు. ఆమె దగ్గర నిలబడటానికి కొందరు జంకారు. "ఆ చెయ్యి మంచిది కాదు" అన్నారు. ఆ చెయ్యే! ఎవరూ ఆసుపత్రికి వెళ్లి చూడలేదు. దారి అరగంట. ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. రోజూ పని కాగానే పిండిన చేతులు తుడుచుకుని, ఆ అరగంట నడిచి వెళ్లి వచ్చేది.

బల్ల దగ్గర కూర్చున్న కొత్త మనిషికి గుర్తులు కలవలేదు. లాయరు చొక్కాలు కసాయి ఇంటికి, కసాయి లుంగీలు లాయరింటికి వెళ్లాయి. పన్నెండో రోజున సూపర్‌వైజర్ ఇంకు సీసా తెచ్చి, బల్ల మీద పెట్టి వెళ్లిపోబోయాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. కాలువ మాటా రాలేదు. అప్పుడు ఆమె పీట ఎక్కకుండా నిలబడి అంది: "కాలువ బాగయ్యేదాకా నేను గుర్తు వెయ్యను." ఇద్దరు కూలీలు వచ్చి కాలువ తవ్వడానికి ఒక్క పూట పట్టింది. ఎనిమిది నెలలు కుదరని పని!

అయినా మాట ఆగలేదు. రశీదుల అత్త ఈరోజుకీ కొత్తగా వచ్చినవాళ్లకి చెప్తూనే ఉంది. చెప్పేటప్పుడు వెనక గదిలోంచి దడ్, దడ్ అని చప్పుడు వినపడుతుంటుంది. అదేంటని ఎవరైనా అడిగితే రోలరు మిషన్ అంటుంది.

దాని పెడల్ తొక్కుతున్నది బాబాయ్. కుడికాలితో.